వెనక అట్ట విప్పి కొనాల్సిన రేడియో

వాల్వు రేడియో కొనాలని సంతకు వెళ్లినవారి కంట మొదట పడేది దాని ముఖం. తేనె రంగు చెక్క పెట్టె, దంతం రంగు నాబ్‌లు, జరీ మెరుపున్న గుడ్డ వెనక స్పీకరు, గాజు డయల్ మీద వరసగా ఊళ్ల పేర్లు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనైనా, ముంబయి చోర్ బజార్‌లోనైనా అమ్మేవాళ్లు ఆ ముఖాన్నే తుడిచి, పాలిష్ పెట్టి ముందుంచుతారు. బేరమంతా దాని మీదే నడుస్తుంది. ఆ సెట్టు ఇంట్లో పాడుతుందా, మూగగా మూలన ఉండిపోతుందా, చెయ్యి తగిలితే షాక్ కొడుతుందా అన్నవి మాత్రం వెనక అట్ట విప్పితేనే తేలుతాయి. మంచి పెట్టెకు మోసపోయినవారు చాలామంది. పాడైన పెట్టెలో చక్కటి చాసిస్, అంటే భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు చట్రం, దొరికినవారు మాత్రం నిజంగా అదృష్టవంతులు. పెట్టెను వడ్రంగి బాగుచేయగలడు. కాలిపోయిన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరిగి చుట్టగలవారు కొద్దిమందే మిగిలారు.

ఏ రకం సెట్లు దొరుకుతాయో తెలియాలంటే రేడియో మన ఇళ్లకు వచ్చిన కాలాన్ని ఒకసారి తలచుకోవాలి. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. నిజాం రాజ్యంలో అప్పటికే దక్కన్ రేడియో పలుకుతోంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు వాల్వు సెట్లకు మంచి రోజులు. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ కాలంలో ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోవడంతో శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు కార్యక్రమానికి ఇక్కడి పల్లెల్లోనూ అభిమానులుండేవారు. 1957 అక్టోబర్‌లో వివిధ భారతి రావడం రేడియో సిలోన్‌కు ఆకాశవాణి ఇచ్చిన జవాబు. ఈ సిలోన్ మోజు వల్లే మన దేశంలో అమ్మిన సెట్లలో మీడియం వేవ్‌తోపాటు రెండు మూడు షార్ట్‌వేవ్ బ్యాండ్‌లు ఉండటం మామూలైంది. రేడియో ఉన్నవారు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టి, పుస్తకంలో బిళ్ల అంటించుకునేవారు. పాత సెట్టుతోపాటు ఆ పుస్తకం కూడా దొరికితే దాన్ని పారేయకూడదు. ఆ రేడియో ఏ ఊళ్లో, ఎవరింట్లో పలికిందో చెప్పే కాగితం అదొక్కటే.

అందువల్ల సంతల్లో కనిపించేవి ఎక్కువగా 1950 నుంచి 1970 మధ్యవి: మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జీఈసీ, హెచ్ఎంవీ, నేషనల్ ఎకో, టెలిరాడ్. 1961లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టాక ఈ సెట్లలో చాలావాటికి దేశంలో తయారైన వాల్వులే వచ్చాయి. కొనేవారికి ఇది మేలు చేసిన సంగతి. బీఈఎల్ ముద్ర ఉన్న పాత నిల్వ వాల్వులు ఇప్పటికీ పాత మెకానిక్‌ల డబ్బాల్లో అక్కడక్కడ దొరుకుతున్నాయి.

కంపెనీ పేరు కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ సెట్టుకు కరెంటు ఎలా అందుతుంది?

ఆ రోజుల్లో మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటు సరఫరా ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ డీసీ మీద పనిచేయదు. కాబట్టి కంపెనీలు ఒకే మోడల్‌ను రెండు మూడు రూపాల్లో అమ్మేవి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది ఏసీ సెట్టు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా రెండింటి మీదా నడిచేది ఏసీ-డీసీ సెట్టు. కరెంటు లేని పల్లెలకు 90 వోల్టుల పెద్ద డ్రై బ్యాటరీ ప్యాక్‌తో నడిచే బ్యాటరీ సెట్టు. ఫిలిప్స్ మోడల్ నంబర్ల చివర ‘ఏ’ ఉంటే ఏసీ, ‘యూ’ ఉంటే ఏసీ-డీసీ, ‘బీ’ ఉంటే బ్యాటరీ. మిగతా కంపెనీల సెట్లలో వాల్వుల పేర్లు చూసి పోల్చుకోవచ్చు. ఐరోపా పద్ధతిలో పేరు పెట్టిన వాల్వు మీద మొదటి అక్షరం ‘ఈ’ అయితే దాని ఫిలమెంట్‌కు 6.3 వోల్టులు కావాలి, అంటే సాధారణంగా లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ‘యూ’ అయితే 100 మిల్లీ ఆంపియర్ల వరస, అంటే ఏసీ-డీసీ. ‘డీ’ అయితే బ్యాటరీ. కాబట్టి ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజడ్80 అనే అయిదు పేర్లు ఒక చాసిస్ మీద వరసగా కనిపిస్తే కొనేవారు ధైర్యంగా ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పట్లో ఎన్నో కంపెనీలు వాడిన నమ్మకమైన వరస అది.

యూసీహెచ్81, యూఎఫ్89, యూబీసీ81, యూఎల్84, యూవై85 కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఈ సెట్లలో వాల్వుల ఫిలమెంట్లన్నీ ఒక దండగా, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. అదైనా భరించవచ్చు. అసలు ప్రమాదం వేరే: చాసిస్ నేరుగా మెయిన్స్ తీగల్లో ఒకదానికి అంటుకుని ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి గుచ్చితే చాసిస్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. పైకి చెక్కపెట్టె, బేకలైట్ నాబ్‌లు ఉన్నంతసేపు తెలియదు. నాబ్ ఊడిపోయి లోపలి ఇనుప కడ్డీ బయటపడినా, నాబ్‌ను బిగించే చిన్న స్క్రూ వేలికి తగిలినా, వెనక అట్ట లేకపోయినా ప్రాణానికే ముప్పు. పిల్లలున్న ఇంట్లో ఇలాంటి సెట్టు వద్దు. తాతగారి జ్ఞాపకంగా వచ్చింది కాబట్టి తప్పదనుకుంటే 230కి 230 ఇచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దాని ద్వారానే నడపాలి. చాసిస్‌కు ఎర్త్ తీగ కలపడం మాత్రం ఏసీ-డీసీ సెట్టులో ఎప్పుడూ చేయకూడని పని. ప్లగ్గు తిరగబడితే మెయిన్స్ నేరుగా ఎర్త్‌కు షార్ట్ అవుతుంది.

విదేశాల నుంచి సెట్లు తెచ్చుకునే తెలుగువారి విషయంలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అమెరికాలో పాత సామాన్ల సంతల్లో తక్కువ ధరకు దొరికే చిన్న బేకలైట్ రేడియోలు ఎక్కువగా అయిదు వాల్వుల ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లు. 12బీఈ6, 12బీఏ6, 12ఏవీ6, 50సీ5, 35డబ్ల్యూ4 అనే వాటి వాల్వుల ఫిలమెంట్ వోల్టేజీలు కూడితే సుమారు 123 వస్తుంది, సరిగ్గా అక్కడి ఇంటి కరెంటుకు సరిపడేంత. దాన్ని ఇక్కడి ప్లగ్గులో గుచ్చితే నిమిషంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లలో చవకరకాలు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు కాబట్టి వోల్టేజీ తగ్గినా చాసిస్ మీది ప్రమాదం తగ్గదు. పైగా ఆ సెట్లలో చాలావాటికి మీడియం వేవ్ తప్ప మరో బ్యాండ్ లేదు. అమెరికాలోనే ఉంచుకుని వింటే అక్కడి ఏఎం స్టేషన్లు ఇంకా బోలెడన్ని పలుకుతాయి. ఇండియాకు మోసుకురావడానికి మాత్రం అవి తగినవి కావు.

జర్మన్ సెట్ల సంగతి ఇంతకన్నా ఆసక్తికరమైనది. గ్రుండిగ్, టెలిఫుంకెన్ కంపెనీల 1950ల నాటి పెద్ద సెట్లలో ఎఫ్ఎం బ్యాండ్ ఉంటుంది. మన దేశంలో తొలి ఎఫ్ఎం ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది కాబట్టి ఇక్కడి వాల్వు సెట్లలో ఆ సదుపాయం సాధారణంగా కనిపించదు. ఎఫ్ఎం ఉందని మురిసిపోయే ముందు డయల్ చివరి అంకె చూడాలి. ఆ కాలపు సెట్లలో చాలావరకు 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. హైదరాబాద్‌లో పెడితే 91.1, 93.5, 98.3 మీది ప్రైవేటు స్టేషన్లు హాయిగా వినిపిస్తాయి. ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మీద, వివిధ భారతి 102.8 మీద ఉన్నాయి. ముల్లు అక్కడిదాకా వెళ్లదు. మెకానిక్ చేత బ్యాండ్ పైకి జరిపించవచ్చు గానీ కింది స్టేషన్లు కొన్ని పోతాయి, కష్టపడి సరిచేసిన ట్యూనింగ్ చెదిరే వీలుంది. ఆకాశవాణి కోసమే రేడియో కొనేవారు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

అసలు వినడానికి ఏముంది? అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇదే. విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, కడప 900 కిలోహెర్ట్జ్ అన్నవి ఒక తరానికి ఫోన్ నంబర్లలా నోటికొచ్చిన అంకెలు. ఉషశ్రీ పురాణ ప్రవచనాలు, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన పిల్లల కార్యక్రమాలు, భక్తిరంజని, సంక్షిప్త శబ్దచిత్రాలు వాల్వు సెట్ల మీద కూడా ఎన్నో ఇళ్లను పలకరించాయి. ఇటీవలి సంవత్సరాల్లో దేశంలో ఎన్నో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి. షార్ట్‌వేవ్ ఇంకా వేగంగా తగ్గింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం కూడా 2020 జనవరితో ఆగింది. ఆకాశవాణి కొత్తగా పెట్టిన డిజిటల్ ప్రసారాలను వాల్వు సెట్టు పట్టుకోలేదు, గరగర శబ్దం తప్ప ఏమీ వినిపించదు.

కాబట్టి డబ్బు పెట్టే ముందు ఒక చిన్న పని చేయాలి. మీడియం వేవ్, షార్ట్‌వేవ్ ఉన్న మామూలు పోర్టబుల్ రేడియో ఒకటి తెచ్చి, వాల్వు సెట్టు పెట్టదలచిన గదిలోనే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వినాలి. మీడియం వేవ్‌లో పగలు దగ్గరి స్టేషన్లే వినిపిస్తాయి. చీకటి పడ్డాక వాతావరణం పైపొరల్లో పగటి ఎండ వల్ల ఏర్పడే, తరంగాలను మింగేసే పొర కరిగిపోతుంది కాబట్టి దూరపు స్టేషన్లు కూడా పైనుంచి పరావర్తనం చెంది వస్తాయి. రాత్రిళ్లు శ్రీలంక, చైనా స్టేషన్లు మన ఇళ్లలో వినపడటానికి కారణం అదే. ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో చూసుకుంటే పాత సెట్టు మీద ఎంత ఆశ పెట్టుకోవాలో తెలుస్తుంది. డయల్ మీద మీటర్లలో ఉన్న అంకెలతో తికమకపడకుండా 3 లక్షలను కిలోహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే చాలు: విజయవాడ 837 అంటే సుమారు 358 మీటర్లు.

ఇక సెట్టు ఇంటికి వచ్చాక దాదాపు అందరూ చేసే పని, చేయకూడని పని ఒకటే: ప్లగ్గు గుచ్చి చూడటం. నలభై యాభై ఏళ్లు మూలన ఉన్న రేడియోలో అన్నిటికన్నా ముందు చెడేవి కండెన్సర్లు. మైనం పూసిన పాత కాగితం కండెన్సర్లు తేమ పీల్చి లీక్ అవుతాయి. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది చివరి ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు వెళ్లేది. లెక్క చూస్తే ఎంత ముప్పో తెలుస్తుంది. ముందరి వాల్వు ఆనోడ్ మీద 90 వోల్టులు ఉన్నాయనుకుందాం. గ్రిడ్ రెసిస్టర్ 1 మెగాఓమ్. కండెన్సర్ 20 మెగాఓమ్‌లకు లీక్ అయితే, పైకి చూడ్డానికి బాగానే ఉన్నా, గ్రిడ్ మీదికి 4 వోల్టులకు పైగా వస్తాయి. ఔట్‌పుట్ వాల్వుగా ఉండే ఈఎల్84కు కావాల్సిన బయాస్ సుమారు 7 వోల్టులే. అందులో సగానికి పైగా హరించుకుపోతుంది. వాల్వు మితిమీరి కరెంటు లాగి, ఆనోడ్ ఎర్రబడి, కాసేపటికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తుంది. కొద్ది రూపాయల కండెన్సర్ మార్చకుండా ప్లగ్గు గుచ్చడం వల్ల దొరకని ట్రాన్స్‌ఫార్మర్ పోవడం నిజంగా తీరని నష్టం. ఆ ఒక్క కండెన్సర్‌ను 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్‌తో మార్చనిదే సెట్టుకు కరెంటు ఇవ్వకూడదు.

ఫిల్టర్ కండెన్సర్ల విషయంలో మరో పొరపాటు జరుగుతుంటుంది. గుంయ్‌మనే హమ్ తగ్గుతుందని 32 మైక్రోఫారడ్‌ల చోట 220 పెడతారు కొందరు. సెట్టు ఆన్ చేసిన క్షణంలో అంత పెద్ద కండెన్సర్‌ను నింపాల్సిన భారం రెక్టిఫైయర్ వాల్వు మీద పడుతుంది. ఈజడ్80కి తయారీదారులు పెట్టిన హద్దు 50 మైక్రోఫారడ్‌లు. పాత విలువకు దగ్గరలో ఉంచడమే క్షేమం.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన రేడియో మెకానిక్‌లు తరతరాలుగా వాడిన సీరీస్ బల్బును మించిన రక్షణ లేదు. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సెట్టుకు వరసలో కలపాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు వెలిగి, నెమ్మదిగా మసకబారితే లోపల పెద్ద షార్ట్ లేదన్నమాట. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపాలి. ట్రాన్స్‌ఫార్మర్ సెట్ల వెనక 110, 127, 220, 245 అని వోల్టేజీ ఎంపిక చేసే బిళ్లో ప్లగ్గో ఉంటుంది. దాన్ని పెద్ద అంకె మీద పెట్టాలి. ఇంట్లో కరెంటు 245 వోల్టులు వస్తూ, బిళ్ల 220 మీద ఉంటే 6.3 వోల్టులు అందాల్సిన ఫిలమెంట్‌కు 7 అందుతాయి. వాల్వు ఆయుష్షు తగ్గిపోతుంది. పని చేసేవారు ఒక సంగతి మరవకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్‌లో 250 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. కొలిచి చూడకుండా చెయ్యి పెట్టరాదు. ఈ పనులు చేతకానివారు తెలిసిన మెకానిక్‌కు అప్పగించడమే సరైన దారి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో వాల్వు సెట్లు బాగుచేసే పాత దుకాణం గురించి పత్రికలు పలుమార్లు రాశాయి. ఇలాంటి చేతులు ఇతర పట్టణాల్లోనూ కొన్ని మిగిలే ఉన్నాయి.

శుభ్రం చేసేటప్పుడు చేతికి కొంచెం సహనం కావాలి. గాజు డయల్ వెనక వైపు అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఆ వైపు తడి గుడ్డ పెడితే విజయవాడ, మద్రాసు, కొలంబో పేర్లు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. పోయిన డయల్ మళ్లీ రాదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయాలి. లోపల అల్యూమినియం డబ్బాల పైన, పక్కన కనిపించే చిన్న స్క్రూలను ‘బిగించి చూద్దాం’ అని తిప్పకూడదు. అవి బిగింపు స్క్రూలు కావు, 455 కిలోహెర్ట్జ్ దగ్గర ట్యూన్ చేసి ఉంచిన కాయిల్స్. తిప్పితే రేడియో చెవిటిదవుతుంది. చెక్కకు పాలియురేథేన్ పూత కాకుండా పాత పద్ధతిలో లక్క పాలిష్ పట్టిస్తేనే ఆ కాలపు మెరుపు వస్తుంది. స్పీకర్ కాగితాన్ని బొద్దింకలు కొరికి ఉంటే పల్చటి కాగితం, జిగురుతో అతికించవచ్చు. చిన్న చిరుగుకు స్పీకర్ మార్చనక్కర్లేదు.

పెట్టే చోటు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అయిదు వాల్వుల సెట్టు 40 నుంచి 60 వాట్లు తీసుకుంటుంది, అందులో చాలా భాగం వేడిగా మారుతుంది. కాబట్టి గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలి, పైన కప్పే అల్లిక గుడ్డ వెనక రంధ్రాలను మూయకూడదు. రోజుకు రెండు గంటలు విన్నా నెలకు మూడు యూనిట్లు.

ఏరియల్ సంగతి వేరు. చాలామంది నిరాశపడేది ఇక్కడే. పాత రోజుల్లో డాబా మీద రెండు కర్రల మధ్య రాగి తీగ కట్టేవారు, లేదంటే గదిలో రాగి జాలీ ఏరియల్ వేలాడదీసేవారు. అప్పటి ఇంట్లో తీగలో పడేది స్టేషన్ ఒక్కటే. ఇప్పటి ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, వైఫై పెట్టె అడాప్టర్ ఒక్కొక్కటీ మీడియం వేవ్ మీద గరగర వెదజల్లుతాయి. రేడియో చెడిపోయిందని మెకానిక్ దగ్గరకు పరుగెత్తే ముందు ఇంట్లోని వీటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. పది మీటర్ల ఇన్సులేటెడ్ తీగను ఇంటి బయట, కరెంటు తీగలకు దూరంగా, వీలైనంత ఎత్తున కడితే ఈ గరగర ఆశ్చర్యపోయేంత తగ్గుతుంది. ఉరుముల కాలంలో మాత్రం ఆ తీగను సెట్టు నుంచి పీకి బయటికి తీసేయాలి.

చివరగా, ఈ సెట్లను ఇష్టపడేవారిని రెండుగా చీల్చే ప్రశ్న. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ స్పీకర్ బిగించిన పాత పెట్టెలు ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. చాసిస్ తుప్పు పట్టి, కాయిల్స్ పోయి, దేనికీ పనికిరానప్పుడు పెట్టెనైనా నిలబెట్టడం మంచిదే. పలికే చాసిస్‌ను తీసి తుక్కులో వేయడం మాత్రం క్షమించరానిది. ఈఎల్84 గిటార్ ఆంప్లిఫయర్ల పుణ్యమా అని ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది గానీ ఈసీహెచ్81, ఈఎఫ్89 పాత నిల్వలు తప్ప లేవు. అలా పారేసిన ప్రతి చాసిస్‌తో అవి కూడా పోతున్నాయి. నిజానికి కొత్త పాటలు వినడానికి దేన్నీ పీకనక్కర్లేదు. ఆనాటి చాలా సెట్ల వెనక గ్రామఫోన్ కలపడానికి రెండు రంధ్రాల పికప్ సాకెట్ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితే అక్కడ చిన్న బ్లూటూత్ రిసీవర్ కలిపి, ఆకాశవాణి పాత రికార్డింగులను ఆ వాల్వుల మీదే వినవచ్చు. ఏసీ-డీసీ సెట్టుకు ఈ పని చేయకూడదు. మెయిన్స్ కరెంటు ఆ తీగ వెంట బ్లూటూత్ రిసీవర్ దాకా వచ్చేస్తుంది.

ఏ భాగం మార్చినా పాత విలువ, కొత్త విలువ, తేదీ ఒక కాగితం మీద రాసి వెనక అట్ట లోపలి వైపు అంటించాలి. సర్క్యూట్ బొమ్మ దొరికితే దాని నకలు కూడా అక్కడే ఉంచాలి. తర్వాత ఆ అట్ట విప్పే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.